మూడువేళ్ళది

బిల్లింగ్స్
1951 నవంబరు 4

అమ్మాయీ ఆల్మా,

నీ ఉత్తరం నిన్న అందింది. కొయోటీలు మళ్ళీ మంద మీద పడ్డాయని చదివి, కాలికి కట్టు ఉన్న సంగతి మరిచిపోయి మంచం మీంచి లేవబోయాను. మా అక్క గుడ్రున్ పరుగున వచ్చి భుజం నొక్కి కూలేసింది. "కొట్టం కప్పెక్కి పడింది చాల్లేదా నీకు? ముసలాడివి, ముసలాడిలా ఉండు!" అని సాయంత్రం దాకా సాధించింది. నాకంటే రెండేళ్ళు పెద్దది, ఆ సంగతి మాత్రం ఎత్తదు. ఈ ఇంట్లో పైపు కాల్చకూడదు. పంజరంలో పిట్ట కునుకు తీసే వేళ దగ్గకూడదు. రోజూ క్యాబేజీ సూపే.

నా కొడుకు ఏనార్ నీ పక్కన ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. ఏప్రిల్లో గొర్రెల్ని వాగు దాటిస్తూ వాడు పోయాడు, సెప్టెంబరులో నేను కాలు విరగ్గొట్టుకున్నాను. ఇంత పొలం, ఇంత మంద నీ ఒక్కదాని నెత్తిన పడ్డాయి. నాకు ఇక్కడ కూడు సయించడం లేదంటే సూపు ఒక్కటే కారణం కాదు.

సరే, పనిలోకి వద్దాం. కొట్టంలో ఎడమ గోడకి వాడి ఇనప ఉచ్చులున్నాయి. వాటిని అలాగే పట్టుకెళ్ళి పాతిపెట్టావో, నీ శ్రమంతా వాగులో కలిసినట్టే. కొయోటీకి తోడేలు ధైర్యం లేదు, నక్కకుండే సిగ్గూ లేదు, ముక్కు మాత్రం ఆ రెండింటికీ లేనంత ఉంది. పెద్ద గంగాళంలో నీళ్ళు మరిగించి, కొండ మీద ఘాటుగా పెరిగే సేజ్ పొదల కొమ్మలు విరిచి వేసి, అందులో ఉచ్చుల్ని బాగా ఉడకనివ్వు. ఇనుము నల్లగా మారి, కొండవాలు వాసన పట్టాలి. తర్వాత కరిగిన మైనంలో ముంచి తియ్యి, తుప్పు పట్టకుండా చటుక్కున మూసుకుంటాయి. ఉడికాక వట్టి చేత్తో తాకితే ఒప్పుకోను. తోలు చేతొడుగుల్ని కూడా ఆ సేజ్ నీళ్ళలోనే ముంచు.

పాతేటప్పుడు మోకాళ్ళ కింద కాన్వాసు గుడ్డ పరుచుకో. గాలి ఎటు వీస్తుందో చూసుకుని, ఎలుక తవ్వినట్టు ఏటవాలుగా ఒక బొరియ తవ్వు. దాని ముందు జానెడు దూరంలో ఉచ్చు. కదలకుండా గట్టిగా కూర్చోవాలి. పైన జల్లెడ పట్టిన పొడిమట్టి. బొరియలో ముక్కిపోయిన మాంసం ముక్క వేసి, అంచున వాసనమందు రెండు చుక్కలు వెయ్యి. వాడు కలిపిన సీసా గూట్లో ఉంది. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకో.

నీ మామయ్య,
హాల్వర్


విల్లో వాగు
1951 నవంబరు 18

మామయ్యా,

మీరు చెప్పినట్టే అన్నీ చేశాను. వంటింట్లో గంగాళం పెట్టి ఉడికించాను, ఇల్లంతా సేజ్ వాసన. మన ముసలి కుక్క టిల్లీకి చెవుడొచ్చింది గానీ ముక్కు బాగానే పనిచేస్తున్నట్టుంది, లోపలికి రానంటూ గుమ్మంలోనే కూర్చుంది. వాసనమందు సంగతి ముందే చెప్పారు, నేనే వినలేదు. మూత తీసి, "అంత ఏముంటుందిలే" అని వాసన చూశాను. ఆ రోజు అన్నం మానేశాను.

నాలుగు చోట్ల ఉచ్చులు పెట్టాను. మర్నాడు వెళ్తే మూడింటికి దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళిపోయిన జాడలు. నాలుగోదాన్ని పక్కనుంచి తవ్వి, తలకిందులు చేసి, దాని మీద పెంట వేసి మరీ పోయింది. ఇది నన్ను వెక్కిరించడం కాకపోతే ఏమిటో చెప్పండి.

జాడ చూశాను. ముందరి కుడి కాలికి మూడే వేళ్ళు. కిందటేడు చలికాలం మీ అబ్బాయి ఉచ్చులో ఒక వేలు వదిలేసి పారిపోయిందే, అదే. ఆ వారమంతా అతను భోజనం దగ్గర ఆ మాటే. "మళ్ళీ దొరుకుతుంది చూడు, ఆల్మా. నన్ను అది మర్చిపోదు, దాన్ని నేను మర్చిపోను" అనేవాడు. ఆ గొంతు నాకు ఇప్పుడూ అలాగే వినిపిస్తుంది. పొద్దున్నే కాఫీ రెండు కప్పుల్లో పోస్తున్నాను, ఒకటి చల్లారాక పారబోస్తున్నాను.

ఏం తప్పు చేశానో చెప్పండి. ఈసారి పుట్టే గొర్రెపిల్లలు దక్కకపోతే మంద నిలవదు. మంద నిలవకపోతే ఈ ఇంట్లో ఎవరికీ పనుండదు.

ఆల్మా


బిల్లింగ్స్
1951 డిసెంబరు 2

అమ్మాయీ,

పెంట వేసిందంటే అది నిన్ను వెక్కిరించలేదు. నువ్వు అక్కడున్నావని తెలుసుకుని, తెలిసిందని నీకు చెప్పింది. వాసన ఎక్కడో అంటింది. కాన్వాసు గుడ్డ వంటింట్లో దాచావా? చేతొడుగులతో కిరసనాయిలు దీపం ముట్టుకున్నావా? తవ్విన మట్టిని అక్కడే కుప్ప పొయ్యకుండా దూరంగా పారబోశావా? ఒక్కొక్కటే చూసుకో.

ఎర కూడా మార్చాలి. పాత సీసా వాసన దానికి తెలుసు, ఆ వాసనకే వేలు పోగొట్టుకుంది. చేపనూనె అయితే కొత్తగా ఉంటుందని నేనే చేసి పంపుదామనుకున్నాను. చేప తలకాయలు గాజు సీసాలో కుక్కి, గట్టిగా మూత బిగించి, మా అక్క ముందుగదిలో వేడిగొట్టాల వెనక దాచాను. నాలుగు రోజులు మగ్గితే చాలనుకున్నాను. మా అక్క చర్చి ఆడవాళ్ళందర్నీ కాఫీకి పిలిచిందని నాతో ఎవరు చెప్పారు? వాళ్ళు ప్రార్థన మొదలెట్టారు, సీసా పేలింది. ఒకావిడ టోపీలో చేపకన్ను పడిందట. నేను పక్కగదిలో నిద్ర నటించాను. మా అక్క ఇప్పటికీ నాతో మాట్లాడదు. సూపు మాత్రం పెడుతోంది.

నవ్వావా? నవ్వితే మంచిదే. ఇక ఒక మాట రాస్తాను, కోపగించుకోకు. నీకింకా ముప్ఫై నిండలేదు. స్పోకేన్‌లో మీ చెల్లెలుంది, అక్కడ మనుషులున్నారు, వీధి దీపాలున్నాయి. గొర్రెలు ఈనకముందే మందని అమ్మేసి నువ్వు వెళ్తానంటే నేను అడ్డుచెప్పను. ముసలాడి పొలం కోసం నువ్వు నీ వయసుని మంచులో పాతిపెట్టాల్సిన పని లేదు.

మామయ్య


విల్లో వాగు
1951 డిసెంబరు 16

గౌరవనీయులైన హాల్వర్ ట్వెయిట్ గారికి,

మీ ఉత్తరం చేరింది. మీరు అడిగిన వాటికి జవాబులు.

కాన్వాసు గుడ్డ బయట కంచె మీదే ఉంచుతున్నాను. చేతొడుగులతో దేన్నీ ముట్టుకోలేదు. మట్టి వాగులో పారబోశాను.

కిందటి వారం చినూక్ వేడిగాలి వీచి మంచు కరిగింది. బాగా వేడిగా ఉండటంతో చొక్కాతోనే వెళ్ళి తూర్పు గట్టున ఒక ఉచ్చు పెట్టాను. మర్నాడు అందులో ఒక కుర్ర మగది పడింది. మళ్ళీ చలి వచ్చాక పెట్టినవన్నీ పాత కథే. మూడువేళ్ళది చుట్టూ తిరిగి పోతోంది, దాని వెనకే మిగతావీ పోతున్నాయి.

స్పోకేన్ విషయం మీరు రాసినది చదివాను.

క్రిస్మస్ శుభాకాంక్షలు. మీ అక్కగారికి నమస్కారాలు.

ఆల్మా ట్వెయిట్


బిల్లింగ్స్
1952 జనవరి 3

అమ్మాయీ ఆల్మా,

ఇంటి పేరుతో సహా సంతకం చేశావు. ఆసుపత్రి వాళ్ళు కూడా నన్ను అంత మర్యాదగా పిలవరు. నీకు విసుగొచ్చిందని అర్థమైంది. అందుకే మన పొరుగాయన ఆముండ్‌సన్‌కి రాశాను, వచ్చి గొర్రెల్ని చూసి వెళ్ళమన్నాను. మంచి మనిషి, బేరం దగ్గర నిన్ను మోసం చెయ్యడు.

కానీ నీ ఉత్తరంలో ఒక ముక్క నన్ను నిద్రపోనివ్వలేదు. చొక్కాతో వెళ్ళిన రోజున పడింది. చలిలో వెళ్ళిన ఏ రోజూ పడలేదు.

ఆల్మా, చలిలో నువ్వు ఏ కోటు వేసుకుంటున్నావు?

నీ కోటు నీలం రంగుది, చర్చికి వేసుకునేది, దానితో మట్టిలో మోకరిల్లవు. నాది ఇక్కడ నా దగ్గరే ఉంది. ఇక ఇంట్లో మిగిలింది ఒక్కటే. గొర్రెతోలు అస్తరుది, మెడ పట్టీ అరిగినది. వాడు పొగాకు సంచి లోపలి జేబులో పెట్టుకునేవాడు. వాగులోకి దిగే ముందు దాన్ని విప్పి గట్టు మీద పెట్టాడు కాబట్టి మిగిలింది.

ఆ మూడువేళ్ళది నిన్ను చూసి పారిపోవడం లేదమ్మా. వాణ్ణి చూసి పారిపోతోంది. వాడు పొలంలో తిరుగుతున్నాడనే అనుకుంటోంది.

ఉచ్చులు పెట్టేవాడెవడైనా ఆ కోటుని సేజ్ నీళ్ళలో ఉడకబెట్టమంటాడు. నేనూ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఉచ్చులే పెట్టాను. కానీ ఆ మాట నా చేత్తో రాయలేను. దాన్ని ఇంట్లో ఉంచి, రెండు స్వెట్టర్లు వేసుకుని వెళ్ళు.

మామయ్య


విల్లో వాగు
1952 జనవరి 20

మామయ్యా,

మీ ఆముండ్‌సన్ లారీ వేసుకుని వచ్చాడు. గొర్రెల పళ్ళు చూశాడు, వీపులు నొక్కి చూశాడు, వంటింట్లో కూర్చుని "స్పోకేన్‌లో చలి తక్కువ లెండమ్మా" అన్నాడు. కాఫీ ఇచ్చాను. రెండో కప్పు పొయ్యనా అని అడగలేదు నేను. అది తెలిసి లేచాడు. మన వైపు రెండో కప్పు అడక్కుండా మనిషిని పంపడమంటే చెప్పుతో కొట్టినంత పని, అది మీకు నేను చెప్పాలా?

నన్ను పొమ్మనాలంటే మీరే పొమ్మనండి. పొరుగువాడి లారీ ఎందుకు? మీ అబ్బాయి పోయాక నేను మీకు ఏమీ కానా? పెళ్ళి చేసుకుని వచ్చిన రోజున గుమ్మం దగ్గర మీరే నా పెట్టె అందుకుని, "ఇల్లు నీదమ్మా, పొయ్యి పొగేస్తుంది, తిట్టుకోకు" అన్నారు. ఆరేళ్ళుగా ఆ పొగ పీలుస్తున్నాను. ఇప్పుడు నా వయసు గుర్తొచ్చిందా మీకు?

ఇక కోటు సంగతి. అవును, అదే వేసుకుంటున్నాను. మీరు కనిపెట్టేసినప్పుడు సిగ్గుతో ఉత్తరాన్ని పొయ్యిలో వెయ్యబోయి ఆగాను. దాని మెడ దగ్గర ఇంకా అతని వాసన ఉంది. పొగాకు, గొర్రెల మందు, చెమట. చలికి కాదు నేను దాన్ని వేసుకునేది. గుండీలు పెట్టుకుంటే వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టుంటుంది. అతని బొమ్మ ఒకటే ఉంది, పెళ్ళినాటిది. అందులో మంగలి దగ్గర్నుంచి అప్పుడే వచ్చినవాడిలా ఉంటాడు, మా ఏనార్‌లా ఉండడు. కోటు అలా కాదు.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా జవాబివ్వండి. నేను ఉండాలా, పోవాలా?

ఆల్మా


బిల్లింగ్స్
1952 జనవరి 28

అమ్మాయీ,

ఉండు.

ముందు అదే రాశాను, మిగతాది చదవకపోయినా ఫరవాలేదు. నీ ఉత్తరం మా అక్కకి చదివి వినిపించాను. చేపల గొడవ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. "వెధవా" అంది. అంతే, కుట్టుపని అందుకుంది.

నువ్వు వెళ్ళాలనుకుంటున్నావని, నాకు చెప్పలేక ఉచ్చుల కబుర్లు రాస్తున్నావని నేననుకున్నాను. డాక్టరు ఈ కాలు మళ్ళీ వంగదన్నాడు. కర్ర లేకుండా నడవలేను, గుర్రమెక్కలేను. ఈ స్థితిలో ఉండమని నిన్ను అడగడమంటే, ముసలాడి మేజోళ్ళు ఉతకమని అడగడమే కదా అనిపించింది. అడగడానికి నోరు రాలేదు. పొమ్మనడానికి వచ్చింది చూడు, అదీ నా తెలివి.

నాకు ఆ ఇల్లు కావాలి ఆల్మా. ఆ పొగ పొయ్యి కావాలి, తూర్పు గట్టు మీద పొద్దున్నే పడే ఎండ కావాలి. ఇక్కడ కిటికీలోంచి చూస్తే ఎదురింటి ఇటుకలు. వాణ్ణి తలుచుకుని ఏడుద్దామన్నా, వాణ్ణి బాగా ఎరిగినవాళ్ళు పక్కన లేరు. మంచు కరిగి దారి తెరుచుకోగానే వచ్చేస్తాను, నువ్వు రానిస్తే.

ఆముండ్‌సన్‌కి క్షమాపణ రాశాను. ఈసారి వస్తే రెండో కప్పు ఇయ్యి పాపం.

మామయ్య


విల్లో వాగు
1952 ఏప్రిల్ 9

మామయ్యా,

గొర్రెలు ఈనుతున్నాయి. కొట్టంలోనే కాళ్ళు చాపుకునేంత తీరిక దొరుకుతోంది, పడుకునేంత లేదు. బురద వల్ల మీరు వచ్చే దారి ఇంకా తెరుచుకోలేదు, తపాలా బండే గుర్రాలతో వస్తోంది.

ఉచ్చులు పనిచెయ్యడం లేదు. పగలు మట్టి కరిగి ముద్దవుతోంది, తెల్లారేసరికి గడ్డకట్టి ఇనప దవడలు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే బిగుసుకుపోతున్నాయి. మొదటి వారంలోనే మూడువేళ్ళది దొడ్డి దాకా వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయింది. తల్లులు పాలు నిండి అరుస్తుంటే చూడలేకపోయాను.

అప్పుడొక పని చేశాను. మీరే కదా రాశారు, అది అతనికే భయపడుతుందని. అది లోయలోంచి ఎక్కి వచ్చే చోట ఒక గుంజ పాతి కోటుని దానికి తొడిగాను, గాలి దాని మొహం మీదికి వీచే వైపు. ఆ రోజు నుంచి ఒక్క పిల్ల పోలేదు. వస్తోంది, దూరంగా నిలబడుతోంది, వెనక్కి పోతోంది. జాడలు చూస్తున్నాను.

కానీ రోజూ మంచు వాన. మధ్యాహ్నం ఎండ. పొద్దున్నే వెళ్ళి మెడ పట్టీకి మొహం ఆన్చి చూస్తాను. మొన్నటికంటే నిన్న తక్కువ, నిన్నటికంటే ఇవాళ తక్కువ. పొగాకు పోయింది. గొర్రెల మందు ఇంకా ఉంది.

ఆల్మా


బిల్లింగ్స్
1952 ఏప్రిల్ 14

ఆల్మా,

వెంటనే దాన్ని తీసేసి ఇంట్లో పెట్టు. పోతే పిల్లలు పోనీ. గొర్రెల్ని మళ్ళీ కొనుక్కోవచ్చు. వచ్చే తపాలాకి తీసేశానని రాయి.

మామయ్య


విల్లో వాగు
1952 మే 6

మామయ్యా,

మీ మాట వినలేదు. అతని వాసనని పెట్టెలో దాచుకుని అతని మందని కొయోటీలకి వదిలేస్తే, ఆ పెట్టె మూత తెరిచే ధైర్యం నాకు ఎప్పటికీ రాదు. పిల్లలు ఇప్పుడు గడ్డి కొరుకుతున్నాయి, తల్లుల్ని తలతో కుమ్ముతున్నాయి. వచ్చి మీరే చూడండి.

కిందటి ఆదివారం మెడ పట్టీకి మొహం ఆన్చాను. తడి తోలు వాసన తప్ప ఇంకేమీ లేదు. ముక్కు పట్టీలోకి దూర్చి, జేబు తిరగేసి కూడా చూశాను. ఏమీ లేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత ఇంటికి వెళ్ళి గంగాళం పొయ్యి మీద పెట్టాను.

నేల ఇప్పుడు ఆరింది. మంచి ఉచ్చు ఒకటి ఉడికించి, మైనం పట్టించి, మీరు చెప్పినట్టు గుడ్డ మీద మోకరిల్లి ఆ గుంజ కిందే పాతాను. మాంసం పెట్టలేదు. వాసనమందు చుక్క కూడా వెయ్యలేదు. ఇన్నాళ్ళు దూరంనుంచి చూసినది, మనిషి వాసన లేదని తెలిశాక దగ్గరికొచ్చి చూడకుండా ఉండలేదని నాకనిపించింది. నేనైనా అంతే చేస్తాను కదా.

మర్నాడే పడింది. ముసలిది మామయ్యా, మూతి నెరిసింది. నేను వెళ్ళేసరికి గింజుకోవడం మానేసి కోటు వైపు తల ఎత్తి చూస్తోంది. తుపాకీ ఎత్తాను. దాని మీద నాకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. అయినా కాల్చాను. గురి తప్పలేదు, అది బాధపడలేదు.

ఆ తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. అతన్ని పాతిపెట్టిన రోజున కూడా అలా ఏడవలేదు. అతని గాలి సోకితే ఆగిపోయే ప్రాణి ఈ కొండల్లో అదొక్కటే మిగిలిందని, దాన్ని కూడా నేనే పోగొట్టానని ఏడ్చాను. ఇక అతని వాసన ఎలా ఉండేదో ఎరిగినవాళ్ళం ఈ లోకంలో మనిద్దరమే. నేను ఎవరికి చెప్పినా వాళ్ళు పొగాకు, చెమట అని మాత్రమే వింటారు.

దారి తెరుచుకుంది. ఆముండ్‌సన్ శుక్రవారం బిల్లింగ్స్ వస్తున్నాడు, రెండు కప్పుల కాఫీ తాగించి ఒప్పించాను. కర్రతో వచ్చినా సరే, మంచం మీద మోయించుకుని వచ్చినా సరే, మేజోళ్ళు ఎన్ని జతలున్నా సరే. అతను ఎలా ఉండేవాడో నేను మర్చిపోతున్నాను, త్వరగా రండి.

మీ ఆల్మా